తూకం బండి ఏ వైఫై పట్టుకోవాలి: మిర్యాలగూడ రైస్ మిల్లులో నా ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

మా మేనమామ రైస్ మిల్లు మిర్యాలగూడకు దగ్గర్లోనే ఉంది. సాగర్ ఎడమ కాల్వ కింద యాసంగి కోతలు మొదలైతే చాలు, మిల్లు గేటు నుంచి రోడ్డు దాకా లారీలు బారు కడతాయి. కొనుగోలు కేంద్రాల నుంచి 40 కిలోల బస్తాల్లో వడ్లు వస్తాయి. హమాలీలు దించుతుంటే బస్తాలను తూకం బండి మీద పెట్టి బరువు చూస్తారు.

ఆ బండి పోయిన వానాకాలంలో నేను తయారు చేసిందే. నాలుగు చక్రాల తోపుడు బండి, దాని మీద ఎలక్ట్రానిక్ కాంటా, పక్కనే స్టీలు డబ్బాలో రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ (ఇక నుంచి దీన్నే "పై" అంటాను). కాంటా వెనకున్న సీరియల్ పోర్టు నుంచి పై బరువు చదువుతుంది, వైఫై మీదుగా ఆఫీసు కంప్యూటర్‌కు పంపుతుంది. పంపడం వరకూ బాగానే ఉంది, చేరడం దగ్గరే తంటా. నిన్న సాయంత్రం గుమస్తా నోటు పుస్తకానికీ కంప్యూటర్‌కూ పదకొండు బస్తాల తేడా వచ్చింది. లెక్క తేలితే గానీ ట్రక్ షీట్ (లారీలో వచ్చిన బస్తాల లెక్క కాగితం) మీద సంతకం పడదు. సంతకం ఆలస్యమైతే ఏ ఊళ్ళోనో ఒక రైతు ఖాతాలో డబ్బు ఆలస్యమవుతుంది. తేమ 17 శాతానికి దిగేదాకా కల్లంలో వడ్లు ఆరబోసుకుంటూ, మబ్బు కనిపిస్తే పరదాలు కప్పుకుంటూ గడిపిన మనిషి అతను. నా డబ్బా వల్ల అతను ఇంకో రోజు ఎదురుచూడాలంటే రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

"అల్లుడా, నీ బండి పనిజేస్తదా, పక్కకు పెట్టమంటవా?" అని మామ అడిగాడు. ఒక నెల టైమ్ ఇవ్వమన్నాను.

పై రాసుకునే రికార్డు, అదే లాగ్, తిరగేస్తే జబ్బు ఎక్కడుందో తెలిసింది. మిల్లులో నాలుగు చోట్ల నాలుగు యాక్సెస్ పాయింట్లు (వైఫై ఇచ్చే రౌటర్లు) ఉన్నాయి: ఆఫీసు, మిషన్ షెడ్డు, పెద్ద గోడౌన్, గేటు దగ్గర లారీ కాంటా గది. ఎవరితో మాట్లాడాలో వైఫైకి ఆధారమైన 802.11 ప్రమాణం రౌటర్‌కు వదల్లేదు, క్లయింటుకే వదిలింది. అంటే మన ఫోనో, ల్యాప్‌టాపో, నా పైనో తేల్చుకోవాలి. మామూలుగా క్లయింటు సిగ్నల్ ఎక్కడ గట్టిగా ఉంటే అక్కడికి పోతుంది. పోయాక ఆ సిగ్నల్ మరీ సన్నబడేదాకా వదలదు. నా పై పొద్దున షెడ్డు రౌటర్‌ను పట్టుకుంటే, బండిని గోడౌన్ వాకిట్లోకి తోసినా దాన్నే పట్టుకుని వేలాడుతోంది.

ఏ క్షణంలో ఏ యాక్సెస్ పాయింటు ద్వారా పంపితే బస్తా బరువు త్వరగా చేరుతుందో పై ముందే అంచనా వేసుకోవాలి, దాన్నే ఎంచుకోవాలి. నేను చేయాల్సింది ఇదీ. ఇందుకు మెషిన్ లెర్నింగ్, అంటే పాత డేటా చూసి కంప్యూటరే నేర్చుకునే పద్ధతి, వాడదామని అనుకుంటున్నాను.

రెండో రోజు

అలా నేర్చుకుని అంచనా వేసే ప్రోగ్రాం, అదే మోడల్, దాని జోలికి పోకముందు ఇల్లు చక్కబెట్టుకోవాలి. ఈ రోజంతా దానికే సరిపోయింది.

నాలుగు రౌటర్లలో మూడు ఒకే ఛానల్ (రేడియో తరంగాల దారి) మీద, ఆరో ఛానల్ మీద కూర్చుని ఉన్నాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 ఛానళ్ళే. ఆఫీసుకు 1, షెడ్డుకు 6, గోడౌన్‌కు 11 ఇచ్చాను. గేటు గది గోడౌన్‌కు దూరం కాబట్టి దానికీ 11 ఇచ్చాను. ఇంకో తప్పు కూడా దొరికింది. ఒక్కో రౌటర్ తనే ఐపీ అడ్రసులు పంచుతోంది. పై ఒక రౌటర్ నుంచి ఇంకోదానికి మారిన ప్రతిసారీ కొత్త అడ్రసు తెచ్చుకోవాలి, ఆఫీసు కంప్యూటర్‌ను మళ్ళీ వెతుక్కోవాలి. అన్నిటినీ యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి, అడ్రసులు పంచే పని ఆఫీసు రౌటర్ ఒక్కదానికే ఉంచాను. నాలుగింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. రాస్ప్‌బెర్రీ పైకి ఎప్పటికీ మారని ఒకే అడ్రసు.

రెండో పని ఇంకా ముఖ్యం. బరువు పడగానే అది ముందు పైలోని చిన్న డేటాబేసులో నిలుస్తుంది. ఆఫీసు కంప్యూటర్ నుంచి "అందింది" అని జవాబు వచ్చాకే తుడిచేస్తుంది. ఇది మొదటి నుంచీ ఉండాల్సింది. ఇక బస్తా లెక్క పోవడం ఉండదు, ఆలస్యం కావడమే ఉంటుంది. అయితే లారీ వెళ్ళిపోయాక వచ్చే లెక్క వల్ల ఎవరికీ లాభం లేదు. గుమస్తా చీటీ రాసేలోపు స్క్రీన్ మీద కనిపించాలి.

నాలుగో రోజు

పొద్దున షెడ్డులో ఒక పరీక్ష చేశాను. బండిని కదలకుండా నిలిపి, పైని డబ్బాతో సహా చేత్తో పట్టుకుని, షెడ్డు రౌటర్ సిగ్నల్ చూస్తూ కొద్దికొద్దిగా పక్కకు జరిపాను. సిగ్నల్‌ను డెసిబెళ్ళలో ఇలా మైనస్ అంకెగా చూపిస్తారు, సున్నాకు ఎంత దగ్గరైతే అంత గట్టిది. మైనస్ 58 ఉన్నది నాలుగు వేళ్ళ మందం జరిపేసరికి మైనస్ 71 అయింది. ఇంకో నాలుగు వేళ్ళు జరిపితే మళ్ళీ మైనస్ 60. రౌటర్ ఎక్కడిదక్కడే ఉంది, నేను నిలబడ్డ చోటు కూడా మారలేదు.

2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 12.5 సెంటీమీటర్లు. షెడ్డు పైకప్పు రేకులు, ఎలివేటర్ల ఇనుప గొట్టాలు, మిషన్ల చట్రాలు అన్నీ ఆ తరంగాన్ని తిప్పికొడతాయి. నేరుగా వచ్చింది, తిరిగి వచ్చింది కలిసిన చోట ఒకదానికొకటి బలమిచ్చుకుంటాయి, లేదంటే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అందుకే సగం తరంగం దూరంలో, అంటే ఆరు సెంటీమీటర్లలోనే లెక్క తిరగబడుతుంది. ఇక్కడ డెసిబెల్ లెక్క గుర్తుంచుకోవాలి. 10 తగ్గితే శక్తి పదో వంతుకు, 30 తగ్గితే వెయ్యో వంతుకు పడిపోతుంది. 13 అంటే ఇరవయ్యో వంతు. ఇలాంటి ఊగే అంకె ఒక్కసారి చూసి నిర్ణయం తీసుకుంటే ఏ పరికరమైనా తప్పు చేస్తుంది. అందుకే వరుసగా అయిదు స్కాన్ల సగటూ, వాటిలో ఊగిసలాట ఎంతుందో కూడా మోడల్‌కు ఇవ్వాలి.

పనిలో పనిగా స్టీలు డబ్బా మూత తీసి చూశాను. తీయగానే నాలుగు రౌటర్ల సిగ్నళ్ళూ ఒక్కసారి పైకి లేచాయి. ఊక దుమ్ము పడకూడదని నేనే ఏరికోరి స్టీలు డబ్బా కొన్నాను. రేడియో తరంగాలను ఇనుప పెట్టెలో బంధించి, సిగ్నల్ రావడం లేదని ఇన్ని నెలలు వెతికాను. సాయంత్రం బజారుకు పోయి మందపాటి ప్లాస్టిక్ డబ్బా తెచ్చాను. పక్కలకు సన్నని రంధ్రాలు వేసి, లోపల పల్చటి నూలు గుడ్డ అంటించాను. గాలి ఆడుతుంది, దుమ్ము ఆగుతుంది, తరంగాలకు అడ్డు లేదు.

అయిదు నుంచి పదకొండో రోజు వరకు

డేటా కూడబెట్టే వారం. పై ముప్పై సెకన్లకొకసారి రౌటర్ మారుతుంది. నాలుగూ తిరిగి రావడానికి, అంటే ఒక చుట్టుకు, రెండు నిమిషాలు. ఒక్కోచోట బస్తా బరువును పంపే సందేశమంత చిన్న సందేశాన్ని ఇరవై సార్లు పంపి, "అందింది" అనే జవాబు ఎన్ని మిల్లీసెకన్లకు వచ్చిందో, అసలు రాలేదో రాసుకుంటుంది. నాకు కావాల్సిన కొలత అదొక్కటే. సిగ్నల్ ఎంత, స్పీడ్ ఎంత అని గుమస్తా అడగడు, బరువు వచ్చిందా లేదా అని అడుగుతాడు.

ఇలా చుట్టూ తిప్పడం ఎందుకంటే, పై ఎప్పుడూ గట్టి సిగ్నల్ ఉన్నదాన్నే పట్టుకుంటే మిగతా మూడు ఎలా పనిచేసేవో మనకు ఎప్పటికీ తెలియదు. పోని దారి గురించి డేటాలో ఏమీ ఉండదు. ఏమీ లేని చోట మోడల్ నేర్చుకునేదీ ఏమీ ఉండదు.

స్కాన్ చేయడానికి కూడా ఖర్చుంది. రౌటర్లు సెకనుకు దాదాపు పదిసార్లు, కచ్చితంగా చెప్పాలంటే 102.4 మిల్లీసెకన్లకొకసారి తమ ఉనికి చాటుతూ బీకన్లు పంపుతాయి. అన్ని ఛానళ్ళూ తిరిగి వాటిని వింటూ కూర్చుంటే ఆ సేపు బరువు పంపడం ఆగిపోతుంది. మాకు కావాల్సినవి మూడే కాబట్టి 2412, 2437, 2462 మెగాహెర్ట్జ్ (అంటే 1, 6, 11 ఛానళ్ళు) మాత్రమే వినమని చెప్పాను. స్కాన్ సమయం బాగా తగ్గింది.

బీకన్లలో ఒక మంచి సంగతి దొరికింది. కొత్తగా కొన్న ఆఫీసు, గోడౌన్ రౌటర్లు తమ దగ్గర ఎంతమంది ఉన్నారో, ఛానల్ ఎంత బిజీగా ఉందో బీకన్‌లోనే చెబుతున్నాయి. 2005లో 802.11ఈ సవరణతో వచ్చిన సౌకర్యం ఇది. 0 నుంచి 255 వరకు అంకె. మధ్యాహ్నం ఆఫీసు రౌటర్ 190 చూపించింది. అంటే నాలుగింట మూడు వంతుల సమయం ఆ ఛానల్ ఖాళీ లేదు. దాని సిగ్నల్ మాత్రం మైనస్ 55, నాలుగింటిలోకీ గట్టిది.

అంత గట్టి సిగ్నల్ ఉండీ బరువు ఎందుకు నత్తనడక నడుస్తోందో దీంతో అర్థమైంది. ఒక ఛానల్ మీద ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి. ఆఫీసు రౌటర్ మీద సీసీ కెమెరాలున్నాయి. అది చాలదన్నట్టు, గేటు బయట చెట్టు కింద కూర్చున్న డ్రైవర్ల ఫోన్లు కూడా దాన్నే పట్టుకుంటున్నాయి. దూరంగా ఉన్న ఫోను సెకనుకు 1 మెగాబిట్ వేగంతో 1500 బైట్ల ప్యాకెట్ పంపడానికి 12 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. దగ్గరున్న పరికరం 54 మెగాబిట్లతో పంపితే అదే ప్యాకెట్ పావు మిల్లీసెకనులోపే అయిపోతుంది. నెమ్మదిగా మాట్లాడే ఒక్కడి కోసం అందరూ ఆగుతున్నారన్నమాట. క్లయింటు చూసే సిగ్నల్ అంకెలో ఈ సంగతి ఏ మూలా కనిపించదు.

వారం చివరికి ఏడు వేల పైచిలుకు వరుసలు జమయ్యాయి.

పన్నెండో రోజు

డేటా శుభ్రం చేశాను. చుట్టు మధ్యలో ఎవరైనా బండిని తోస్తే ఆ చుట్టు పనికిరాదు, ఎందుకంటే మొదటి రౌటర్‌ను ఒకచోట, నాలుగోదాన్ని ఇంకోచోట కొలిచినట్టవుతుంది. బండి కదిలిందో లేదో తెలియడానికి ఒక ఉపాయం పెట్టుకున్నాను. సిగ్నళ్ళు ఒక్కసారిగా పది డెసిబెళ్ళ కన్నా ఎక్కువ మారితే కదిలినట్టే లెక్క, ఆ చుట్టు తీసేయడమే.

మిగిలిన దాంతో ముందు ఒకే ఒక్క డెసిషన్ ట్రీ (ఒకదాని తర్వాత ఒక ప్రశ్న వేసుకుంటూ నిర్ణయానికి వచ్చే చెట్టు), తర్వాత రాండమ్ ఫారెస్ట్ నేర్పించాను. ఫారెస్ట్ అంటే వంద చెట్లు. ఒక్కో చెట్టు డేటాలో కొంత భాగమే చూసి తన అంచనా చెబుతుంది, అందరి మాటల సగటు తీసుకుంటాం. 2001లో లియో బ్రైమన్ ఈ రూపం ఇచ్చాడు. చిన్న డేటాకూ, పై లాంటి చిన్న మెషిన్‌కూ ఇది చక్కగా సరిపోతుంది. డీప్ లెర్నింగ్ లాంటి భారీ పద్ధతుల అవసరం ఇక్కడ నాకు కనిపించలేదు.

నూటికి ఎనభై వరుసలతో నేర్పించి, మిగతా ఇరవైతో పరీక్షించాను. ఆ నాలుగింటిలో ఏది మేలో నూటికి 94 సార్లు సరిగ్గా చెప్పింది. రాత్రి పదకొండింటికి మామకు ఫోన్ చేసి చెప్పాను.

పదమూడో రోజు

ఆ 94 నిజం కాదు.

పొద్దున బండి మీద మోడల్ పెట్టి నడిపితే పాత కథే. మధ్యాహ్నం అన్నం తింటుంటే తట్టింది. వరుసలను కలగలిపి, వాటిలోంచి ఇరవై శాతం తీసి పరీక్షకు పెట్టాను కదా. పది గంటల రెండు నిమిషాల చుట్టు నేర్చుకునే కుప్పలో ఉంటే, పది గంటల నాలుగు నిమిషాల చుట్టు పరీక్ష కుప్పలో ఉంది. బండి అక్కడే ఉంది, ఎండా అదే, రౌటర్ల మీద మనుషులూ వాళ్ళే. ప్రశ్నపత్రం ముందు రోజే చూసి పరీక్ష రాసినట్టు ఉంటుంది అది. పైగా టైమ్ అనే కాలమ్ కూడా ఇచ్చాను కాబట్టి మోడల్ ఏ గంటకు ఏ రౌటర్ అని బట్టీ పట్టేసింది.

ఈసారి రోజుల లెక్కన విడగొట్టాను. అయిదు రోజులు నేర్చుకోవడానికి, పూర్తిగా వేరే రెండు రోజులు పరీక్షకు. టైమ్ కాలమ్ తీసేశాను. 61 వచ్చింది. ఏ మోడలూ లేకుండా గట్టి సిగ్నల్‌ను పట్టుకుంటే 58 వస్తుంది. ఇంత చేసింది మూడు కోసమా అని చాలా బాధనిపించింది. కాలంతో పాటు సాగే డేటాను ఎప్పుడూ ఇలాగే విడగొట్టాలి, నేను మొదటే చేయాల్సింది.

పదిహేనో రోజు

ఈ ప్రాజెక్టులో నాకు దొరికిన అన్నిటికన్నా విలువైన మాట ఈ రోజు దొరికింది. చెప్పింది ఇరవై ఏళ్ళుగా ఈ మిల్లులో బస్తాలు మోస్తున్న హమాలీ పెద్దాయన. గోడౌన్ వాకిట్లో బండి దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. భుజం మీది బస్తా కాంటా మీద దించి, తువ్వాలతో మొహం తుడుచుకుంటూ అన్నాడు:

"ఏం బిడ్డా, లారీ అడ్డం వచ్చినప్పుడల్లా నీ డబ్బా మొత్తుకుంటది. లారీ పోతె మంచిగనే ఉంటది."

"ప్రతిసారీ అట్లనేనా తాతా?"

"పెద్ద లారీ అయితెనే. ట్రాక్టర్ వస్తె ఏం గాదు."

ఒళ్ళు ఝల్లుమంది. పెద్ద లారీ వెనక్కి వచ్చి గోడౌన్ వాకిలికి ఆనుకుంటే, బండికీ షెడ్డు రౌటర్‌కూ మధ్య ఇనుప గోడ కట్టినట్టే. దించడం అయ్యేదాకా అది అక్కడే ఉంటుంది. బరువులు పంపాల్సిందీ సరిగ్గా ఆ సమయంలోనే. మరి ఇది డేటాలో ఎందుకు లేదు? వెతికితే సమాధానం నేనే రాసిన నాలుగు లైన్ల కోడ్‌లో ఉంది. సిగ్నళ్ళు ఒక్కసారిగా పది డెసిబెళ్ళ కన్నా మారితే చుట్టు తీసేయమన్నాను కదా, లారీ వచ్చిన ప్రతిసారీ జరిగేది అదే. బండి కదిలిందనుకుని నేను తీసి పారేసినవన్నీ లారీ వచ్చిన చుట్లు. మోడల్‌కు నేను నేర్పింది ఖాళీ వాకిలి గురించి మాత్రమే.

పదిహేడో రోజు

బండి కదిలిందా అన్నది సిగ్నల్‌ను అడగకూడదు, బండినే అడగాలి. సైకిళ్ళకు స్పీడ్ చూపించే మీటర్లలో వాడే పద్ధతే పట్టుకున్నాను. వెనక చక్రానికి చిన్న అయస్కాంతం, చట్రానికి ఒక రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరకొస్తే కలిసే స్విచ్). చక్రం ఒక చుట్టు తిరిగితే స్విచ్ ఒకసారి కలుస్తుంది, పైలో ఒక అంకె పెరుగుతుంది. అంకె పెరగకుండా సిగ్నల్ పడిపోయిందంటే అడ్డం ఏదో వచ్చినట్టు. అంకె పెరిగిందంటే బండి వేరే చోటికి పోయినట్టు. రెండూ వేరు వేరు సంగతులని ఇప్పుడు రాస్ప్‌బెర్రీ పైకి తెలుస్తుంది.

మొదట కూడబెట్టిన ముడి ఫైళ్ళను తుడిచేయకపోవడం మంచిదయింది. తీసేసిన చుట్లలో లారీవి ఏవో గేటు రిజిస్టర్‌లో లారీలు లోపలికి వచ్చిన టైమ్‌లు పక్కన పెట్టుకుని చూసి, గుమస్తాతో కూర్చుని ఒక్కొక్కటీ వెనక్కి చేర్చాను. రెండు సాయంత్రాలు పట్టింది. ఇప్పటి సిగ్నల్‌కూ, అయిదు నిమిషాల కిందటి సిగ్నల్‌కూ తేడా అనే కాలమ్ కొత్తగా చేర్చాను. రోజుల లెక్కన విడగొట్టే పరీక్షలోనే 61 కాస్తా 79 అయింది. ఈ పెరుగుదలలో కొత్త అల్గారిదం ఏదీ లేదు.

ఇరవయ్యో రోజు

మూడు రోజులు బాగా నడిచింది, తర్వాత మెల్లగా చెడటం మొదలుపెట్టింది. గోడౌన్ రౌటర్ ద్వారా వెళ్ళేవి రోజురోజుకూ ఆలస్యం. రౌటర్‌కు ఏమీ కాలేదు. గోడౌన్‌లోకి వెళ్ళి తలెత్తి చూస్తే విషయం కళ్ళ ముందే ఉంది. నేను డేటా తీసుకున్న వారం గోడౌన్ సగం ఖాళీ. ఇప్పుడు బస్తాలు పైకప్పు రేకులకు ఇంకో మనిషెత్తు ఉండేదాకా పేర్చేశారు. రౌటర్ ఆ గుట్ట వెనక గోడకు ఉంది. వడ్లలోని నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది. కొత్త వడ్లు, అవీ గుట్టలు గుట్టలుగా. తరంగం పలచబడకుండా ఎలా ఉంటుంది?

రౌటర్‌ను గోడ పైకి, గుట్టలను దాటి చూసేంత ఎత్తుకు మార్చాను. కానీ సీజన్ పొడుగునా గోడౌన్ నిండుతూ ఖాళీ అవుతూనే ఉంటుంది. ఒకసారి నేర్చుకుని ఆగిపోయే మోడల్ ఇలాంటి చోట నిలవదు. రోజూ చూస్తూ రోజూ దిద్దుకోవాలి.

అందుకని ఫారెస్ట్ పక్కన ఇంకో చిన్న భాగం చేర్చాను. ఫారెస్ట్ చెప్పే అంచనా మొదటి నమ్మకం. ఆ తర్వాత వచ్చే ప్రతి నిజం బస్తా జవాబూ ఆ నమ్మకాన్ని కొంచెం అటో ఇటో జరుపుతుంది. పాత జవాబుల బరువు రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. ఎంపిక థాంప్సన్ శాంప్లింగ్‌తో జరుగుతుంది. రెండు వైద్యాల్లో ఏది మేలో రోగులకు చికిత్స చేస్తూనే ఎలా తేల్చుకోవాలన్న ప్రశ్న మీద విలియం థాంప్సన్ 1933లో చెప్పిన పద్ధతి ఇది. గుమస్తాకు ఇలా వివరించాను: బాగా తెలిసిన ఊరి వడ్లు వస్తే ఒకటి రెండు బస్తాల్లో గొట్టం గుచ్చి చూస్తాం, ఎన్నడూ చూడని చోటి నుంచి వస్తే ఎక్కువ బస్తాల్లో గుచ్చి చూస్తాం. పై కూడా ఈ మధ్య పట్టుకోని రౌటర్‌ను అప్పుడప్పుడు గుచ్చి చూస్తుంది. బాగుంటే దాని వంక మొగ్గుతుంది. బాగాలేదని ఎన్నిసార్లు తేలితే అంత తక్కువగా అటు పోతుంది.

ఈ గుచ్చి చూడటం లారీ లేనప్పుడే పెట్టుకుంటే పనికి అడ్డు రాదని మొదట అనుకున్నాను. కానీ లారీ లేనప్పుడు తెలిసింది లారీ ఉన్నప్పుడు చెల్లదు. దించుతున్నప్పుడు కూడా కొన్నిసార్లు చూడాల్సిందే. జవాబు వచ్చేదాకా బరువు పైలో భద్రంగా ఉంటుంది కాబట్టే ఆ ధైర్యం చేయగలిగాను.

ఇరవై మూడో రోజు

పై ఒక నిమిషంలో ఆరుసార్లు రౌటర్ మార్చింది. షెడ్డు, గేటు రెండింటి అంచనాలూ పక్కపక్కనే ఉంటే ఇటు దూకుతుంది, అటు దూకుతుంది. మారిన ప్రతిసారీ సెకనో రెండు సెకన్లో పోతాయి. మారడానికయ్యే ఆ ఖర్చును కూడా లెక్కలో కలిపాను. కొత్తది పాతదానికన్నా అంతకు మించి మేలైతేనే కదలాలి, ఒకసారి మారాక ఇరవై సెకన్లు ఆగాలి. గంతులు ఆగిపోయాయి.

ఇరవై ఆరో రోజు

ఎండ. నల్గొండ జిల్లాలో ఈ రోజుల ఎండ గురించి ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. రెండు గంటలప్పుడు రేకుల కింద నిలబడితే నెత్తి మీద నిప్పులు పోసినట్టుంది. రాస్ప్‌బెర్రీ పై ఉష్ణోగ్రత 80 డిగ్రీలు దాటింది. ఆ వేడికి అది తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. అంచనాలు ఆలస్యమయ్యాయి. డబ్బాను కాంటా పక్క నుంచి బండి పలక కిందికి, నీడ వైపుకు మార్చి, రాస్ప్‌బెర్రీ పైకి వేడిని లాగేసే అల్యూమినియం హీట్ సింక్ అతికించాను. పలక ఇనుముది కాబట్టి సిగ్నల్ ఏమవుతుందోనని టెన్షన్ పడ్డాను. డబ్బాను ఒక చేతి దూరం బయటికి జరిపి బిగిస్తే సరిపోయింది. మధ్యాహ్నం 68 దగ్గర నిలిచింది.

హమాలీలు ఇదే వేడిలో తలకు తువ్వాల చుట్టుకుని రోజంతా బస్తాలు మోస్తున్నారు. వాళ్ళ కోసం వాకిలి పక్కన చలివేంద్రం కుండలు ఇంకో రెండు పెట్టించమని మామతో చెప్పాను. సాయంత్రానికి వచ్చాయి.

ముప్పయ్యో రోజు

ఈ వారంలో ప్రతి సాయంత్రం నోటు పుస్తకం, కంప్యూటర్ లెక్క కలిశాయి. నిన్న ఎనిమిది లారీలు దిగాయి. దించుతున్నంతసేపూ గుమస్తా పక్కనే కూర్చుని చూశాను. బస్తా కాంటా మీద పడి, అంకె స్థిరపడి, ఆయన పెన్ను మూత తీసేలోపే స్క్రీన్ మీద బరువు ఉంది. ఒక్కసారి మాత్రం నాలుగు బస్తాలు పదిహేను సెకన్లు ఆలస్యంగా వచ్చాయి, అది పై గేటు రౌటర్‌ను గుచ్చి చూస్తున్న సమయం.

లాగ్‌లో నాకు బాగా నచ్చినది మధ్యాహ్నం మూడింటిది. బండి గోడౌన్ వాకిట్లో ఉంది. ఆఫీసు రౌటర్ మైనస్ 57, షెడ్డు మైనస్ 62, గేటు మైనస్ 69. పెద్ద లారీ వెనక్కి వచ్చింది, షెడ్డు సిగ్నల్ మైనస్ 78కి పడింది, చక్రం అంకె మాత్రం కదల్లేదు. పై అన్నిటికన్నా గట్టిగా ఉన్న ఆఫీసును వదిలేసి గేటును పట్టుకుంది. ఆఫీసు ఛానల్ అప్పుడు 201 చూపిస్తోంది. గేటు మీద ఎవరూ లేరు. లారీ ఖాళీ అయ్యేదాకా ఒక్క బరువూ ఆగలేదు.

మామ వచ్చి చూశాడు. "బండి ఉండనీ" అని, రెండో గోడౌన్‌కూ ఇలాంటిదే ఇంకోటి చేయమన్నాడు. రెండో గోడౌన్ గోడలు రాతివి, పైకప్పు స్లాబు. ఇక్కడి మోడల్ అక్కడ పనికిరాదు, మళ్ళీ వారం రోజులు చుట్లు తిప్పాలి. చక్రానికి అయస్కాంతం మాత్రం మొదటి రోజే పెడతాను.

హమాలీ పెద్దాయన ఒకటే అడిగాడు. తనకు స్క్రీన్ చదవడం రాదు, బరువు చేరిందో లేదో తెలిసేలా డబ్బా మీద ఒక దీపం పెట్టమన్నాడు. చేరితే పచ్చది, చేరకపోతే ఎర్రది. ఎర్రది వెలిగితే తర్వాతి బస్తా తేకుండా ఆగుతాడట, వీలైతే బండిని రెండడుగులు పక్కకు తోస్తాడట. రెండు ఎల్‌ఈడీలు, రెండు రెసిస్టర్లు చాలు. రేపు పొద్దున లారీలు రాకముందే బిగించాలి.